చెక్క ఎందుకు చివికిపోతుంది?

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ దాటి, తార్నాక, హబ్సిగూడల మీదుగా వెళితే రామంతాపూర్ వస్తుంది. దూరదర్శన్ కేంద్రం ఉన్న చోటు అంటే చాలామంది గుర్తుపడతారు. ఇక్కడి పాత ఇళ్ళలో కొన్నింటికి ముందు భాగాన స్కూటరు కోసమో, కారు కోసమో కట్టిన షెడ్డు కనిపిస్తుంది. దానికి రెండు రెక్కల చెక్క తలుపు ఉంటుంది. అలాంటి తలుపు మీ వీధిలో ఉంటే ఇంటివారి అనుమతి తీసుకుని, దాని పక్కనున్న చెక్కను నేల నుంచి జానెడు ఎత్తు వరకు పరీక్షగా చూడండి. రంగు పొక్కులు లేచి ఉంటుంది. వేలితో నొక్కితే చెక్క లోపలికి దిగుతుంది. గోటితో గీరితే పొడిగా రాలుతుంది. అదే చెక్కను మీ తల ఎత్తున తట్టి చూడండి. ఠంగుమని మోగుతుంది!

కింద మెత్తబడి, పైన గట్టిగా ఉండడానికి కారణమేమిటి? ఆ చివికిన ముక్కను తీసేసి కొత్తది వేస్తే సరిపోతుందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలుసుకుందాం. మొదటిది సరిగా తెలియకపోతే రెండోదానికి జవాబు తప్పుతుంది.

ముందు పేర్లు తెలుసుకుందాం

తలుపు రెక్కలను మోసే చట్రాన్ని ద్వారబంధం అంటాం. హైదరాబాదు ప్రాంతంలో దర్వాజా అనీ, చౌకట్టు అనీ కూడా అంటారు. ఇంటి ద్వారబంధానికి కింద గడప ఉంటుంది. షెడ్డు ద్వారబంధానికి గడప ఉండదు, బండి లోపలికి పోవాలి కదా! అందువల్ల దాని రెండు నిలువు కమ్మీలూ తిన్నగా నేలమీదనే ఆనుతాయి. చట్రానికీ గోడకూ మధ్య ఒక సన్నని సందు మిగులుతుంది. ఆ సందును కప్పుతూ బయటివైపు కొట్టే చెక్కపట్టీని వడ్రంగులు బీడింగు అంటారు. ఎండా వానా మొదట తగిలేది ఈ పట్టీకే. మొదట చివికేదీ ఇదే.

అపరాధి ఎవరు?

ఎవరినడిగినా మూడు జవాబుల్లో ఒకటి చెబుతారు. "చెక్క పాతబడింది" అంటారు. "నీళ్ళు తగిలాయి" అంటారు. "చెదలు పట్టాయి" అంటారు. మూడింటినీ విచారిద్దాం.

చెక్క పాతబడిందా? పైభాగమూ కిందిభాగమూ ఒకే పలక. ఒకే చెట్టు నుంచి, ఒకే రోజున కోసినవి. వయసే కారణమైతే పైభాగమూ మెత్తబడాలి. కాబట్టి వయసు అపరాధి కాదు.

నీళ్ళే కారణమా? మన పల్లెల్లో పాత రోజుల్లో బావి కట్టేటప్పుడు అడుగున నేరేడు చెక్కతో చట్రం వేసేవారు. ఆ చెక్క ఎల్లకాలం నీళ్ళలోనే మునిగి ఉంటుంది. అయినా ఏళ్ళ తరబడి చెడకుండా నిలుస్తుంది. నీరు ఒక్కటే చెక్కను తినేస్తే ఆ బావి ఎప్పుడో కూలిపోవాలి. కాబట్టి నీటికి ఈ నేరంలో భాగం ఉన్నా, అసలు నేరస్థుడు వేరే ఉన్నాడు.

చెదలా? చెదపురుగులు తిన్న చోట మట్టి ఉంటుంది. గోడ మీదా చెక్క మీదా మట్టితో గొట్టంలాంటి దారులు కట్టుకుని అవి రాకపోకలు సాగిస్తాయి. మన పట్టీమీద అలాంటి మట్టిదారి ఉంటే చెదలే. లేకపోతే, చెక్క గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు అడుగున బురద బీటలు వారినట్టు చదరాలు చదరాలుగా పగిలి ఉంటే, అది మరొకరి పని.

ఆ మరొకరు శిలీంధ్రాలు. రొట్టెమీది బూజు, వానాకాలంలో మొలిచే పుట్టగొడుగు వీటి బంధువులే.

బూజు ముందా, చివుకు ముందా?

చివికిన చెక్కమీద శిలీంధ్రం కనిపించడం అందరికీ పాత సంగతే. కాని చాలాకాలం జనం దానిని తిరగేసి అర్థం చేసుకున్నారు. చెక్క దానంతట అదే చెడిపోతుందనీ, చెడిన చెక్కలోంచి శిలీంధ్రం పుడుతుందనీ అనుకున్నారు. జర్మనీ దేశపు అటవీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హార్టిగ్ 1870 దశాబ్దంలో సూక్ష్మదర్శినితో చెక్కను పరిశీలించి, అసలు సంగతి దీనికి తలకిందులని చూపాడు. శిలీంధ్రపు దారాలు ముందు చెక్కలోకి చొచ్చుకుపోతాయి. చివుకు ఆ తరువాత వస్తుంది.

శిలీంధ్రాల సిద్ధబీజాలు కంటికి కనిపించనంత చిన్నవి. గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. అనుకూలమైన చోట పడితే సిద్ధబీజం మొలకెత్తి, సాలెగూటి దారంలాంటి సన్నని పోగులుగా పెరుగుతుంది. ఈ పోగులను శిలీంధ్రతంతువులు అంటారు. అవి ఎంజైములనే పదార్థాలను స్రవించి చెక్కను కరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటాయి. మనం తిన్న తరువాత జీర్ణం చేసుకుంటాం. శిలీంధ్రం జీర్ణం చేసుకున్న తరువాత తింటుంది!

చెక్కలో ముఖ్యంగా రెండు పదార్థాలున్నాయి. దారంలా బలాన్నిచ్చే సెల్యులోజ్ ఒకటి. ఆ దారాలను సిమెంటులా పట్టి ఉంచే లిగ్నిన్ రెండోది. కొన్ని శిలీంధ్రాలు సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను వదిలేస్తాయి. అప్పుడు మిగిలిన చెక్క గోధుమరంగుకు తిరిగి చదరాలుగా పగులుతుంది. మరికొన్ని లిగ్నిన్‌ను కూడా తింటాయి. అప్పుడు చెక్క తెల్లబారి పీచుపీచుగా అవుతుంది. రంగు చూసి ఏ రకం శిలీంధ్రం భోజనం చేసిందో మీరే చెప్పవచ్చు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. గోధుమరంగు చివుకు పట్టిన చెక్క బరువులో పదోవంతు తగ్గేసరికే, దాని బలంలో సగానికి పైగా పోవచ్చు. అంటే కంటికి బాగానే కనిపిస్తున్న చెక్క కూడా అప్పటికే బలం కోల్పోయి ఉండవచ్చు.

నాలుగు కాళ్ళ పీట

శిలీంధ్రం బతకడానికి నాలుగు కావాలి: ఆహారం, గాలి, వెచ్చదనం, తేమ. ఇది నాలుగు కాళ్ళ పీటవంటిది. ఏ ఒక్క కాలు తీసినా పీట పడిపోతుంది.

బావి అడుగున ఉన్న నేరేడు చట్రానికి చివుకు ఎందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసిందా? అక్కడ నీరు ఉంది కాని గాలి చాలదు. మన షెడ్డు తలుపు పైభాగానికి గాలి ఉంది కాని తేమ చాలదు. నేల దగ్గర మాత్రం నాలుగూ కలిశాయి.

వెచ్చదనం సంగతి చూద్దాం. హైదరాబాదులో జూలై, ఆగస్టు నెలల్లో ఉష్ణోగ్రత దాదాపు 22 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చెక్కను తినే శిలీంధ్రాల్లో చాలావాటికి అదే మంచి అదను. వాతావరణాన్ని మనం మార్చలేం. గాలిని ఆపలేం. చెక్కే ఆహారం కనుక దానినీ తీసెయ్యలేం. ఇక మన చేతిలో ఉన్న కాలు ఒక్కటే, తేమ.

మీ ఇంట్లో అమ్మగాని, అమ్మమ్మగాని "ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకు" అని కేకలేస్తుంటారు గదా! వారు చెబుతున్నది ఈ సూత్రమే. తడి తగలనంతకాలం ఊరగాయ ఏడాది నిలుస్తుంది. తడి తగిలితే బూజు పడుతుంది. తలుపు చెక్కకూ ఇదే శాస్త్రం.

ఎంత తేమ?

తేమను లెక్క కట్టడం సులభం. ఒక చెక్కముక్కను తూచాలి. తరువాత దానిని ప్రయోగశాలలో 103 డిగ్రీల వేడిగల పెట్టెలో, బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్ళీ తూచాలి. తగ్గిన బరువును పొడి బరువుతో భాగించి, 100తో హెచ్చిస్తే తేమ శాతం వస్తుంది. ఉదాహరణకు ముక్క మొదట 126 గ్రాములు, ఆరిన తరువాత 100 గ్రాములు తూగిందనుకోండి. పోయిన నీరు 26 గ్రాములు. తేమ 26 శాతం.

చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతవరకు శిలీంధ్రం పెరగలేదు. దాదాపు 30 శాతం చేరితే దానికి పండుగే. పై ఉదాహరణలోని ముక్క అపాయంలో ఉన్నట్టే లెక్క. హైదరాబాదులో వానాకాలపు గాలిలోని తేమ ఒక్కటే సాధారణంగా చెక్కను 20 శాతం దాటించలేదు. నీరు నేరుగా తగలాలి, తగిలి నిలవాలి. అందుచేత మనం వెతకవలసింది నీరు వచ్చే దారిని.

నీరు ఏ దారిన వస్తుంది?

చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట. చెట్టు బతికి ఉన్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీరు నడిచిన దారులవి. చెట్టు కొట్టి పలక కోసినా ఆ గొట్టాలు అలాగే ఉంటాయి. పలక పక్కభాగంలో గొట్టాలు అడ్డంగా పడుకుని ఉంటాయి కనుక నీరు మెల్లగా ఇంకుతుంది. కోసిన కొసన మాత్రం వాటి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్టు అవి నీటిని పీలుస్తాయి. ఈ గుణాన్ని కేశనాళికీయత అంటారు.

మీరే చేసి చూడండి. వడ్రంగిని అడిగి ఒకే పలక నుంచి కోసిన రెండు సమానమైన పొడి ముక్కలు తెచ్చుకోండి. ఒకదాని రెండు కొసలకు, పెద్దవారిని దగ్గర ఉంచుకుని, కరిగిన కొవ్వొత్తి మైనం దట్టంగా పూయండి. రెండో దానిని అలాగే వదిలేయండి. రెండింటినీ కిరాణా కొట్టులో తూయించి బరువులు రాసుకోండి. రెండింటినీ ఒక గంటసేపు నీటిలో ముంచి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తూయించండి. ఏది ఎక్కువ నీరు తాగింది? మైనం పూసినది కొద్దిచోటునే మూసింది గదా, అయినా తేడా ఎందుకు వచ్చింది? ఆలోచించండి.

షెడ్డు తలుపు బీడింగులో ఆ తెరిచిన కొస ఎక్కడ ఉంది? సరిగ్గా నేలమీద! వాననీరు నిలిచేదీ అక్కడే.

హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. సజ్జా అంచునుంచి జారిన ధార గచ్చుమీద పడి, చింది, దాదాపు అడుగు ఎత్తువరకు చెక్కను తడుపుతుంది. దీనికి తోడు ఎండాకాలం ఒక కీడు చేస్తుంది. మే నెల ఎండకు చెక్క ఆరి అడ్డంగా కుంచించుకుపోతుంది. రంగు పొర చెక్కతోపాటు కదలలేక అతుకుల దగ్గర చిట్లుతుంది. జూన్‌లో తొలి వాన ఆ చీలికల్లోంచి లోపలికి దిగుతుంది. లోపలికి దారి ఇచ్చిన రంగే, ఆ నీరు ఆరిపోకుండా మూతలాగా అడ్డుపడుతుంది. "రంగు వేశాం గదా" అని నిశ్చింతగా ఉన్నవారి చెక్క రంగు కిందనే చివికిపోవడానికి కారణం ఇదే.

చేవగల చెక్క

"వాడికి చేవ ఉంది" అని మనం అంటుంటాం. ఆ మాట వచ్చింది చెట్టునుంచే. మానును అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగు భాగం, చుట్టూ లేత రంగు భాగం కనిపిస్తాయి. నడుమ ఉన్నది చేవదారువు, చుట్టూ ఉన్నది రసదారువు. టేకు చేవదారువులో శిలీంధ్రాలకూ చెదలకూ గిట్టని సహజ పదార్థాలున్నాయి. రసదారువులో అవి లేవు. కాబట్టి "టేకు చెక్క" అన్న మాట చాలదు, "టేకు చేవ" అని అడగాలి. లేత రంగు చారలున్న టేకు పట్టీ మామూలు చెక్కకన్న ఎక్కువ మన్నదు.

చేవలేని చెక్కకు మందు పెట్టి చేవ తేవచ్చునా? తేవచ్చునని చూపినవారిలో ఒకరు సొంఠి కామేశం. ఇంటిపేరు వినగానే మనవారని తెలిసిపోతుంది! ఆయన డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనాలయంలో పనిచేస్తూ 1933లో ఒక మందును కనిపెట్టారు. అందులో రాగి, ఆర్సెనిక్, క్రోమియం లవణాలు ఉంటాయి. రాగి శిలీంధ్రాలను అణుస్తుంది. ఆర్సెనిక్ చెదలను, రాగికి లొంగని శిలీంధ్రాలను చంపుతుంది. క్రోమియం ఈ రెండింటినీ వానకు కొట్టుకుపోకుండా చెక్కలో బంధిస్తుంది. ఆర్సెనిక్ సంకేతం ఏ.ఎస్., రాగి సంకేతం సి.యు. కలిపి దానికి ఆస్క్యూ అని పేరు పెట్టారు. విద్యుత్ స్తంభాలకు, టెలిఫోను స్తంభాలకు వాడే చెక్కను ఈ మందు ఎన్నో దేశాల్లో కాపాడింది.

అయితే ఆర్సెనిక్ విషం. అందుకే అమెరికాలో ఇళ్ళకు వాడే చెక్కలో ఈ మందు వాడకాన్ని 2003 చివరితో ఆపారు. ఇళ్ళకోసం ఆర్సెనిక్ లేని రాగి మందులు, బోరాన్ లవణాలు వాడుకలోకి వచ్చాయి. బోరాన్ లవణాలు వానకు కరిగి పోతాయి కనుక వాటిమీద రంగు తప్పనిసరి. మందు పెట్టిన పాత చెక్కను పొయ్యిలో పెట్టకూడదు. దాని పొగా బూడిదా ప్రమాదకరం.

బాగుచేసే పద్ధతి

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. చివికిన బీడింగు తీసి కొత్తది కొడితే చాలునా? నీటిదారి అలాగే ఉంటే కొత్త పట్టీ కూడా శిలీంధ్రానికి కొత్త విస్తరే! మంచి వడ్రంగి పని ఈ వరుసలో సాగుతుంది. మీరు దగ్గరుండి చూడండి. రంపం, ఉలి మాత్రం ఆయన చేతిలోనే ఉండనివ్వండి.

1. తలుపు భద్రం. రెక్కల బరువంతా మడతబందుల మరమేకుల మీద ఉంటుంది. ఆ మరమేకులు పట్టుకున్నది ద్వారబంధాన్ని. బీడింగు చివుకు వెనకనున్న ద్వారబంధంలోకి పాకి ఉంటే మరమేకులు పట్టు వదిలి, రెక్క మీద పడవచ్చు. అందువల్ల ముందు రెక్కలకు ఆధారం పెట్టాలి, లేదా వాటిని దింపాలి. పిల్లలు అక్కడ ఆడరాదు.

2. గీరుడు జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీరితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. తడిపి గీరాలి. రాలిన పొట్టును తుడిచి ఎత్తిపారేయాలి.

3. హద్దు తెలుసుకోవడం. పట్టీ ఊడదీసి, మొనగల పనిముట్టుతో ద్వారబంధాన్ని కిందనుంచి పైకి పొడిచి చూడాలి. మొన సులువుగా దిగినంతమేరా చివుకే. శిలీంధ్రతంతువులు కంటికి కనబడకుండా ముందుకు పోయి ఉంటాయి కనుక, గట్టి చెక్క వచ్చిన తరువాత కూడా ఒక జానెడు పైకి కోయడం మంచిది. మిగిలినదాన్ని పూర్తిగా ఆరనివ్వాలి.

4. నీటిదారి మూయడం. అసలు వైద్యం ఇదే. సజ్జా అడుగున అంచు పొడవునా చిన్న గాడి ఉంటే నీటిబొట్టు గోడవైపు పాకకుండా అక్కడే రాలిపోతుంది. గాడి లేకపోతే చేయించాలి. గచ్చువాలు బయటికి ఉండాలి.

5. రాతి పాదం. మన మండువా లోగిళ్ళలో చెక్క స్తంభాన్ని నేలమీద నిలబెట్టరు. కింద రాతి దిమ్మె పెట్టి దానిమీద నిలుపుతారు. రాతిలో శిలీంధ్రానికి ఆహారం లేదు. నగరమంతటా కనిపించే గ్రానైటు 250 కోట్ల ఏళ్ళనాటిది. దానితో కట్టిన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం 1939 నుంచి ఎన్ని వానలకు తడిసిందో లెక్కలేదు, దానికి చివుకు లేదు. అదే ఉపాయం ఇక్కడా పనికివస్తుంది. ద్వారబంధం కింది కోసిన భాగంలో రాతిముక్క అమర్చి, దానిమీద కొత్త చెక్కను నిలపవచ్చు. బీడింగును మాత్రం నేలకు అర అంగుళం పైనే ఆపాలి. ఆ సందులో గాలి ఆడుతుంది, నీరు నిలవదు.

6. ఏటవాలు అతుకు. పాత చెక్కకు కొత్తది కలిపేచోట అడ్డంగా కోయకుండా, వాలు బయటివైపుకు వచ్చేట్టు కోయాలి. అప్పుడు నీరు అతుకులోకి పోకుండా బయటికి జారుతుంది.

7. ఆరు ముఖాలకూ రంగు. బాగా ఆరిన చేవ చెక్కను ఎంచి, బిగించకముందే ముందు, వెనక, రెండు పక్కలు, రెండు కొసలు, అన్నింటికీ తొలిపూత వేయాలి. కొసలకు రెండుమూడు పూతలు వేయాలి. మైనం ప్రయోగం మరచిపోలేదు కదా! బిగించిన తరువాత మేకుల గుంతలను, సందులను లప్పంతో నింపి, పై రంగు వేయాలి. సుద్దపొడి, అవిసె నూనె కలిపి నూరిన ముద్దే లప్పం.

"చెక్క ఎందుకు, ప్లాస్టిక్ పట్టీ కొడితే పోలేదా?" అని మీరు అడగవచ్చు. ప్లాస్టిక్ చివకదు, నిజమే. కాని వెనకనున్న ద్వారబంధం తడిగా ఉంటే, పైన ప్లాస్టిక్ కప్పడమంటే పుండుమీద పట్టీ వేసి మందు మరచిపోవడమే. చివుకు కనబడదు, పెరుగుతూనే ఉంటుంది.

మంచి చేవగల టేకు మాను తయారుకావడానికి యాభై అరవై ఏళ్ళు పడుతుంది. నీటిదారి మూయని ఇంట్లో ఆ చెక్క కొద్ది సంవత్సరాల్లోనే పొడి అవుతుంది. అడవిలో శిలీంధ్రం మనకు మిత్రుడు. పడిపోయిన మానులను మట్టిలో కలిపి కొత్త మొక్కకు ఎరువు చేసేది అదే. అది లేకపోతే అడవి కట్టెల గుట్టలతో నిండిపోయేది. మన తలుపు దగ్గర కూడా అది తన పని తాను చేస్తున్నది. పడిపోయిన మానుకూ మన తలుపుకూ తేడా దానికి తెలియదు. ఆ తేడా చూపవలసినవారం మనమే, చెక్కను పొడిగా ఉంచి.

ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పండి

1. కొలనులో పాతిన గుంజ నీటి అడుగున గట్టిగా ఉండి, నీటిమట్టం దగ్గర చివికిపోతుంది. ఎందుకు?

2. ఒక చెక్కముక్క తడి బరువు 92 గ్రాములు, పొడి బరువు 80 గ్రాములు. తేమ శాతం ఎంత? దానికి చివుకు భయం ఉందా?

3. మీ ఇంటి తలుపులు, కిటికీలలో వాననీరు నిలిచే కొసలు ఎన్ని ఉన్నాయో, తొలి వానకు ముందే లెక్కపెట్టి రాసుకోండి. వాన వెలిసిన మరునాడు మళ్ళీ చూడండి. వాటిలో ఏవి ఇంకా ఆరలేదు?